ఉమ్మడి గొడ్డు లాంటి కంటెయినర్

కంటెయినర్‌లో తడిసిన సరుకు నష్టాన్ని చూడడానికి వచ్చిన సర్వేయర్ జేబులోంచి చిన్న గాజు సీసా తీశాడు. లోపల సిల్వర్ నైట్రేట్ ద్రావణం. తడిసిన అట్టపెట్టె మీద రెండు చుక్కలు వేసి, "పాలలా తెల్లబడితే సముద్రపు నీరు" అన్నాడు. మేం నలుగురం ఆ చుక్కల వైపే చూస్తూ నిలబడ్డాం. తెల్లబడలేదు. ఇంకో పెట్టె మీద వేశాడు. కంటెయినర్ గోడ మీద కారిన చార మీద కూడా వేశాడు. ఎక్కడా రంగు మారలేదు. "ఇది సముద్రపు నీళ్ళు కాదండీ, లోపలే పుట్టి ఉండాలి" అని సీసాకు మూత పెట్టేశాడు.

అందులో ఉన్నవి విద్యుత్ పరికరాలు. ట్రక్కు మీద రైలు యార్డుకు, రైల్లో రేవుకు, ఓడలో ఇంకో రేవుకు, అక్కడినుంచి మళ్ళీ ట్రక్కు మీద గోదాముకు చేరాయి. నలభై రోజుల పైమాటే. దారిలో ఎవరూ తలుపు తీయలేదు. వేసిన సీలు వేసినట్టే ఉంది. తెరిచేసరికి పైవరస పెట్టెలు నాని, కుంగి, కింది వరసల మీదికి ఒరిగి ఉన్నాయి. లోపలి ఇనుప భాగాలకు నారింజరంగు తుప్పు. ట్రక్కువాళ్ళను అడిగితే "మూసిన పెట్టె వచ్చింది, మూసిన పెట్టే ఇచ్చాం" అన్నారు. రైలువాళ్ళదీ అదే మాట. ఓడ కంపెనీ ఆ మాటే కాస్త మర్యాదగా రెండు పేజీల్లో రాసి పంపింది. అందరి దగ్గరా సంతకాలున్న రసీదులున్నాయి. ఒక్కదాని మీదా "దెబ్బతింది" అన్న ముక్క లేదు.

తీరా చూస్తే తప్పు ప్యాలెట్లది, అంటే పెట్టెల కింద వేసే చెక్క పీటలది. అప్పుడే కోసిన పచ్చి చెక్కతో కొట్టినవి. చెక్కలోని తేమ యార్డులో పగటి వేడికి ఆవిరై, రాత్రి చల్లబడిన కప్పుకు తగిలి, బొట్లు బొట్లుగా పెట్టెల మీద పడింది. మా పనిలో దీన్ని కంటెయినర్ వాన అంటారు. పగలు వేడెక్కి రాత్రి చల్లబడినన్ని రోజులూ ఈ వాన కురుస్తూనే ఉంటుంది. తేమ పీల్చే డెసికెంట్ సంచులు వేలాడదీసే ఉన్నాయి. కాకపోతే అవి కంటెయినర్‌లోని గాలికి సరిపోయేలా లెక్కగట్టినవి. చెక్కలోని నీళ్ళను ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

తుప్పు కన్నా నన్ను ఎక్కువగా గుచ్చింది మా రిస్క్ రిజిస్టరు. ఆ సరుకు బయల్దేరకముందు మేమే కూర్చుని రాసింది. రోడ్డు మీద ఏం జరగొచ్చో ఒక భాగం, రైల్లో ఏం జరగొచ్చో ఒక భాగం, సముద్రం మీద ఏం జరగొచ్చో ఇంకో భాగం. రోడ్డు ప్రమాదం, దొంగతనం, యార్డులో ఆలస్యం, తుఫాను, ఉప్పునీరు, అన్నీ రాశాం. పచ్చి చెక్క మాత్రం లేదు. ప్యాలెట్ కొట్టిన చోటు రోడ్డూ కాదు, రైలూ కాదు, సముద్రమూ కాదు. ట్రక్కు రాకముందే అయిపోయిన పని కాబట్టి ఎవరి భాగంలోకీ రాలేదు.

ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చిందని సామెత. మేత నువ్వేశావనుకుని నేను, నేనేశాననుకుని నువ్వు. రకరకాల వాహనాలు మారుతూ వెళ్ళే కంటెయినర్ బతుకు అచ్చంగా ఇదే. ఎవరి వంతు దారి వాళ్ళు జాగ్రత్తగానే దాటిస్తారు. ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి వెళ్ళే ఆ పది నిమిషాలకు మాత్రం యజమాని ఉండడు. అందుకే నేను ఈమధ్య వాదిస్తున్నది ఒక్కటే: రిస్కును వాహనాల వారీగా రాయడం మానేసి, సరుకు చేతులు మారే చోట్ల వారీగా రాయాలి. ప్రతి చోటుకూ ఒక వరస, ప్రతి వరసకూ ఒక మనిషి పేరు. మిగతా విశ్లేషణలన్నీ ఆ తరవాత.

ఈ మాట అనగానే "ఓడలు మునిగేది సముద్రంలో కదా, రైళ్ళు పట్టాలు తప్పేది దారిలో కదా" అంటారు. నిజమే, బద్దలయ్యేది దారిలోనే. బద్దలవడానికి కారణం ఎక్కడ ఎక్కిందన్నది నా ప్రశ్న. 2007 జనవరిలో ఎంఎస్‌సీ నాపోలీ అనే కంటెయినర్ ఓడ ఇంగ్లిష్ చానల్లో తుఫానుకు పగిలి, చివరికి తీరానికి లాగాల్సి వచ్చింది. ఓడ కట్టుబడిలోనే బలం చాలలేదని దర్యాప్తు తేల్చింది, అది అసలు కారణం. దాంతోపాటు ఇంకో సంగతి కూడా బయటపడింది. డెక్కు మీద తడవకుండా మిగిలిన 660 కంటెయినర్లను తూస్తే, 137 పెట్టెల బరువు కాగితంలో ఉన్నదానికి 3 టన్నులకు మించి తేడాగా ఉంది. ఒక పెట్టెలో తేడా ఏకంగా 20 టన్నులు! ఆ తప్పుడు అంకెలు సముద్రంలో పుట్టలేదు. ఎవరో ఒక గోదాములో ఒక ఫారం నింపారు, ఆ ఫారం నాలుగు చేతులు మారింది, ఓడలో ఏ పెట్టె ఎక్కడ పెట్టాలో లెక్కవేసే మనిషికి అది వేదవాక్కయి కూర్చుంది.

2016 జూలై 1 నుంచి సోలాస్ (సముద్రంలో ప్రాణరక్షణ కోసం చేసుకున్న అంతర్జాతీయ ఒప్పందం) నిబంధనల కింద, తూచి ధ్రువీకరించిన బరువు లేని కంటెయినర్‌ను ఓడ ఎక్కించకూడదు. నింపిన పెట్టెను మొత్తంగా తూచొచ్చు, లేదా లోపలి సరుకు, ప్యాకింగు, లాషింగు సామాను (సరుకు కదలకుండా కట్టే తాళ్ళూ పట్టీలూ) విడివిడిగా తూచి ఖాళీ పెట్టె బరువు కలపొచ్చు. నాకు నచ్చేదేమిటంటే, ఈ నిబంధన బాధ్యతను ఒక పేరుకు కట్టేసింది. బిల్ ఆఫ్ లేడింగ్ (ఓడ కంపెనీ సరుకుకు ఇచ్చే రసీదు) మీద షిప్పర్‌గా, అంటే సరుకు పంపేవాళ్ళుగా, ఎవరి పేరుంటే బరువు మాట వాళ్ళదే. "ట్రక్కువాళ్ళు చెప్పారు" అంటే చెల్లదు. చేతులు మారే చోటును పట్టుకుని రాసిన నిబంధన అంటే ఇదీ. అయినా రెండో పద్ధతిలో అంకెలు కూడేటప్పుడు "సుమారుగా" అనే మహానుభావులు ఇంకా ఉన్నారు, అది వేరే బాధ.

స్టఫింగ్, అంటే కంటెయినర్‌లో సరుకు నింపడం, దాని సంగతి ఇంకాస్త చెప్పాలి, ఎందుకంటే నా లెక్కలో మొదటి చేతిమార్పు అదే. కంటెయినర్ నింపే కుర్రాళ్ళు ఆ పెట్టె ఎక్కబోయే ఓడను ఎప్పుడూ చూసుండరు. వాళ్ళ కళ్ళముందున్నది ట్రక్కు. డ్రైవరు గట్టిగా బ్రేకు వేస్తే సరుకు ముందుకు దూకుతుందని వాళ్ళకు తెలుసు, ముందువైపు బాగానే బిగిస్తారు. ఐక్యరాజ్యసమితి సంస్థలు ఐఎంఓ, ఐఎల్‌ఓ, యూఎన్‌ఈసీఈ మూడూ కలిసి, కంటెయినర్లలో సరుకు ఎలా నింపి కట్టాలో చెబుతూ 2014లో తెచ్చిన సీటీయూ కోడ్ అంకెలు చూస్తే తేడా తెలుస్తుంది. రోడ్డు మీద ముందుకు 0.8 జీ (సరుకు బరువులో 0.8 వంతు బలం), పక్కలకు 0.5 జీ తట్టుకునేలా కట్టాలి. 12 మీటర్లకు మించి అలలు లేచే సముద్రంలోనైతే పక్కలకే 0.8 జీ. అంటే 10 టన్నుల సరుకు గోడను 8 టన్నుల బరువంత బలంతో నెడుతుంది. ఒక్కసారి నెట్టి ఊరుకోదు. 15 సెకన్లకొక ఊపు అనుకున్నా రోజుకు 5,760 ఊపులు. రోడ్డు కోసం కట్టిన తాడు మొదటి రోజే కాస్త వదులవుతుంది, మిగతా పని ఊపులు చూసుకుంటాయి.

అందుకే స్టఫింగ్ దగ్గర నేను అడిగే ప్రశ్న మారింది. "బాగా కట్టారా?" అని అడిగితే ఎవరైనా కట్టామనే అంటారు. "ఈ పెట్టె వెళ్ళే దారిలో అన్నిటికన్నా మొరటు చోటు ఏది, దానికి తగ్గట్టు కట్టారా?" అని అడుగుతాను. చాలాసార్లు జవాబు రాదు, ఎందుకంటే దారి మొత్తం వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. మరో చిన్న పని కూడా చేయిస్తాను. ఖాళీ కంటెయినర్ రాగానే ఒక మనిషి లోపల నిలబడతాడు, బయటివాళ్ళు తలుపులు మూస్తారు. చీకట్లో కప్పు వైపు చూడాలి. సూదిబెజ్జమంత వెలుతురు కనిపించినా ఆ పెట్టె వెనక్కి. ఒక్క పైసా ఖర్చులేని పరీక్ష. మొదటిసారి నేనే లోపల నిలబడ్డాను. కళ్ళు చీకటికి అలవాటు పడేదాకా ఏమీ తెలియలేదు, తరవాత ఒక మూల ఆవగింజంత చుక్క మెరిసింది. బయట వెలుగులో చూస్తే అక్కడ రంగు పెచ్చు తప్ప ఏమీ కనబడలేదు.

ఎక్స్‌ప్రెస్ పర్ల్ అనే ఓడ కథ గుర్తొచ్చినప్పుడల్లా నాకు ఉమ్మడి గొడ్డే గుర్తొస్తుంది. 2021లో సేవలోకి వచ్చిన కొత్త ఓడ. 1,486 కంటెయినర్లతో వెళ్తోంది. వాటిలో ఒకదాంట్లో నైట్రిక్ ఆమ్లం కారుతోందని దారిలోనే తెలిసింది. అంటే రిస్కు కనబడింది, ఏమిటో ఎక్కడో కూడా తెలుసు. ఓడ నడిపిన సంస్థ చెప్పినదాని ప్రకారం, ఆ పెట్టెను దించుకోమని ఖతార్‌లోని హమద్ రేవునూ, భారత్‌లోని హజీరా రేవునూ అడిగారు. అలాంటి పెట్టెను సంబాళించే ఏర్పాట్లు మా దగ్గర లేవని రెండు చోట్లా కాదన్నారు. ఓడ కొలంబో దాకా వచ్చింది. మే 20న పొగ, ఆ తరవాత మంటలు. జూన్ 2న తీరానికి దూరంగా లాగబోతే వెనకభాగం నేలకు తగిలి కూలబడిపోయింది. ప్లాస్టిక్ గుళికలు టన్నులకొద్దీ శ్రీలంక ఒడ్డుకు కొట్టుకొచ్చాయి.

తప్పెవరిదన్నది కోర్టులు చూసుకుంటాయి. నేను చూసేది వేరు. ఓడ దగ్గర సమాచారం ఉంది, రేవుకు కాదనే హక్కు ఉంది. అలా కాదన్నాక ఆ పెట్టె ఎవరిదన్నదానికి మాత్రం జవాబు లేదు. చేతులు మారడమంటే ఇచ్చేవాడికీ పుచ్చుకునేవాడికీ మధ్య ఒప్పందం అనుకుంటాం. పుచ్చుకోనని అంటే ఏం చేయాలో ముందే రాసి పెట్టుకోవడం అందులో భాగమని నాకు ఈ సంఘటనతోనే బుర్రకెక్కింది. మన రిజిస్టర్లలో "కారుతోంది" అనే వరస ఉంటుంది, దాని పక్కన "సంబంధితులకు తెలియజేయాలి" అని ఉంటుంది. ఓడవాళ్ళు తెలియజేశారు కదా!

ఇక రిస్కులకు అంకెలేసి రంగులు పూసే పట్టిక సంగతి. ఎంత తరచుగా జరుగుతుందో ఒకటి నుంచి అయిదు, జరిగితే ఎంత నష్టమో ఒకటి నుంచి అయిదు, రెండూ గుణించి ఎరుపు, పసుపు, ఆకుపచ్చ వేసేస్తాం. వాహనాలు మారే రవాణాలో ఇది మూడు రకాలుగా మోసం చేస్తుంది. రోడ్డువాళ్ళ "అయిదు", ఓడవాళ్ళ "అయిదు" ఒకటి కావు. ఒకరికది వారానికోసారి, ఇంకొకరికది పదేళ్ళకోసారి. రెండోది, నెలకోసారి నలిగే అట్టపెట్టెకూ, జీవితంలో ఒక్కసారి వచ్చే అగ్నిప్రమాదానికీ ఒకే అంకె వస్తుంది. మూడోదే నాకు ముఖ్యం. ఎప్పుడు కనబడుతుంది అన్న గడి అందులో ఉండదు. ఏది ఎలా చెడిపోవచ్చో ముందే లెక్కవేయడానికి ఫ్యాక్టరీల్లో వాడే ఎఫ్‌ఎంఈఏ పద్ధతిలో ఆ మూడో అంకె ఉంది: తప్పు జరిగాక ఎంత తేలిగ్గా పట్టుకోగలం? మూసిన పెట్టె రవాణాలో అసలు అంకె అదే. ఎందుకంటే మొదటి గంటలో జరిగిన తప్పు నలభయ్యో రోజున బయటపడుతుంది, ఆ లోపల ఆరుగురు మంచిగా ఉందని సంతకం పెడతారు. పచ్చి ప్యాలెట్‌ను స్టఫింగ్ రోజున తేమ మీటరు పెట్టి చూస్తే రెండు నిమిషాల్లో తెలిసేది.

నష్టపరిహారం లెక్కలు చూస్తే చేతులు మారే చోటు ఎందుకంత ఖరీదో అర్థమవుతుంది. దెబ్బ రోడ్డు మీద తగిలిందని రుజువైతే, రోడ్డు రవాణా మీద ఉన్న సీఎంఆర్ ఒప్పందం వర్తించే దేశాల మధ్య కిలోకు 8.33 ఎస్‌డీఆర్ (అంతర్జాతీయ ద్రవ్యనిధి వాడే లెక్కల కొలమానం) దాకా బాధ్యత. సముద్రంలోనైతే, ఓడ రవాణాకు ఉన్న హేగ్-విస్బీ నిబంధనల కింద కిలోకు 2 ఎస్‌డీఆర్ లేదా ప్యాకేజీకి 666.67, ఏది ఎక్కువైతే అది. విమానమైతే 2024 డిసెంబరు చివరినుంచి కిలోకు 26. అదే పెట్టె, అదే దెబ్బ, తగిలిన చోటును బట్టి మాత్రం విలువ ఇన్ని రకాలు. ఎక్కడ తగిలిందో చెప్పలేకపోతే? అన్ని దారులకూ ఒకే చట్టం ఉండాలని 1980లో జెనీవాలో ఒక అంతర్జాతీయ ఒప్పందం రాశారు. చాలినన్ని దేశాలు చేరక అది ఈరోజుకీ అమల్లోకి రాలేదు. గడువులూ వేరువేరే. బయటికి కనబడని నష్టమైతే సముద్రానికి మూడు రోజుల్లో నోటీసివ్వాలి, సీఎంఆర్ కింద ఏడు రోజులు. గోదాములో మూడు రోజుల దాకా పెట్టె తెరవకుండా ఉంచడం ఎంత మామూలో ఈ పనిలో ఉన్నవాళ్ళకు తెలుసు.

ఇక్కడ నా సహోద్యోగి ఒకాయన ఎప్పుడూ అడ్డుపడతాడు. "అన్నిటికీ ఇన్సూరెన్స్ ఉంది కదా, నీకెందుకంత టెన్షన్?" అని. ఇన్సూరెన్స్ లేకుండా సరుకు పంపమని నేనూ అనను. కానీ అన్నిటికన్నా విశాలమైనదని చెప్పుకునే ఇన్‌స్టిట్యూట్ కార్గో క్లాజెస్ 'ఏ' అనే పాలసీ షరతులు తీసి చదవండి. ప్యాకింగు సరిపోకపోవడం మినహాయింపు. సరుకు సహజగుణం వల్ల వచ్చే నష్టం మినహాయింపు. ఆలస్యం వల్ల వచ్చే నష్టం కూడా మినహాయింపే. మా పచ్చి చెక్క కథ ఎక్కడ ఆగిపోయిందో ఇప్పుడు మీరే ఊహించుకోవచ్చు. ఇన్సూరెన్స్ నష్టాన్ని ఒక జేబులోంచి ఇంకో జేబులోకి మారుస్తుంది, అది కూడా షరతులతో. చెక్కను ఆరబెట్టదు.

యంత్రాలు కొనిపెడితే సరిపోతుందనే వాళ్ళు ఇంకో రకం. ఉష్ణోగ్రత లాంటివి నమోదు చేసే డేటా లాగర్లు, కుదుపు తగిలితే ఎర్రబడే ట్యూబులు, జీపీఎస్ సీళ్ళు. నేను వాటికి వ్యతిరేకిని కాను. ఎర్రబడే ట్యూబు అంటించిన పెట్టెను మోసేవాళ్ళు కాస్త భయంగా మోస్తారు, ఆ భయం కూడా పనికొచ్చేదే. అయితే ఒక రీఫర్ (సరుకును చల్లగా ఉంచే) కంటెయినర్ కేసులో లాగర్ గ్రాఫు చూశాను. ఎనిమిది గంటలపాటు ఉష్ణోగ్రత మెట్లు ఎక్కినట్టు ఎక్కింది. ఓడ దించాక ప్లగ్గు పెట్టాల్సినవాళ్ళు యార్డువాళ్ళని ట్రక్కువాళ్ళు, ట్రక్కువాళ్ళని యార్డువాళ్ళు అనుకున్న ఎనిమిది గంటలవి. లాగర్ నిక్కచ్చిగా పనిచేసింది. ఆ గ్రాఫును ఎవరూ చూడలేదు, అంతే. సరుకు పారబోశాక అందరం చూశాం.

చేతులు మారేది పెట్టె ఒక్కటే కాదు, సమాచారం కూడా. 2017 జూన్ 27న నాట్‌పెట్యా అనే వైరస్ మెర్స్క్ అనే ఓడల కంపెనీ కంప్యూటర్లను కూల్చేసింది. ఓడలు తేలుతూనే ఉన్నాయి, క్రేన్లు బాగానే ఉన్నాయి. వచ్చిన పెట్టె ఎవరిదో, ఎక్కడికి వెళ్ళాలో చెప్పే దిక్కులేక టెర్మినళ్ళ గేట్ల దగ్గర ట్రక్కులు బారులు తీరాయి. నష్టం 30 కోట్ల డాలర్ల దాకా లెక్కగట్టారు. నెట్‌వర్క్‌కు ప్రాణమైన సర్వర్ల నకలు ఒక్కటి మాత్రం ఘనాలోని ఆఫీసులో బతికి ఉంది. ఆ సమయానికి అక్కడ కరెంటు పోయి ఉండటమే దానికి కారణం. ఏ రిస్క్ రిజిస్టరులోనూ కరెంటు కోత మేలుచేసే వరసలో ఉండి ఉండదు.

ప్రత్యామ్నాయ దారుల గురించి త్వరగా చెప్పేస్తాను. ఎవర్ గివెన్ అనే ఓడ 2021 మార్చిలో సూయజ్ కాలువలో ఆరు రోజులు అడ్డంగా ఇరుక్కున్నప్పుడు, మాకు రెండు ఓడ కంపెనీలతో ఒప్పందం ఉంది కాబట్టి ఫరవాలేదని ధీమాగా ఉన్నవాళ్ళను చూశాను. రెండు కంపెనీల ఓడలూ అదే కాలువలోంచి వెళ్తాయి. 2023 నవంబరు తరవాత ఎర్రసముద్రంలో దాడులకు భయపడి ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరగడం మొదలుపెట్టినప్పుడూ అంతే. రెండు పేర్లు ఉంటే రెండు దారులు ఉన్నట్టు కాదు. దాటాల్సిన ఇరుకు చోటు ఒకటే అయితే అది ఒకే రిస్కు, దాన్ని ఒకే వరసలో రాయాలి.

"ప్రతి చేతిమార్పు దగ్గరా తనిఖీ అంటే రవాణా ఆగిపోతుంది" అన్నది నామీద వచ్చే అసలైన అభ్యంతరం. న్యాయమైనదే. క్రేన్ ఒక పెట్టెను దించడానికి రెండు నిమిషాలు తీసుకునే చోట, నేను పది నిమిషాల తనిఖీ అడిగితే తరిమేస్తారు. అన్నిచోట్లా అన్నీ చూడమనడం లేదు. మొదటి చోట గట్టిగా చూడాలి: చెక్క తేమ, లాషింగు, బరువు, లోపలి ఫొటోలు, సీలు నంబరు. మధ్యలో సీలు నంబరును అంకె అంకెగా చదివి, పెట్టె ఆకారం చూస్తే చాలు. సీలును చూసి "ఉంది" అనడం వేరు, నంబరు చదవడం వేరు. పాత సీలు కోసి కొత్తది వేసినవాడికి కావాల్సింది ఆ "ఉంది" అన్న మాటే. చివరి చోట పెట్టె తెరిచేటప్పుడు తలుపు పూర్తిగా తీయకముందే మళ్ళీ ఫొటో. ఇంకా మంచి ఉపాయం, చేతులు మారే చోట్లనే తగ్గించడం. కిరాయి తక్కువని మధ్యలో ఇంకో రేవులో ఓడ మార్చే దారి ఎంచుకుంటాం. అక్కడ కనీసం రెండుసార్లు క్రేన్ కొక్కెం తగులుతుంది, కొన్ని రోజులు యార్డులో పడుంటుంది, కొత్త చేతులు కలుస్తాయి. ఆ తక్కువ కిరాయిలో ఈ ఖర్చు కనబడదు.

ఇప్పుడు మా పట్టికలో రోడ్డు, రైలు, సముద్రం అనే భాగాలు లేవు. పైనుంచి కిందికి చేతులు మారే చోట్లు మాత్రమే. ఒక్కో చోట నాలుగు గడులు: ఏం చెడిపోవచ్చు, చెడితే అక్కడే ఎలా తెలుస్తుంది, పుచ్చుకోనంటే పెట్టె ఎవరిది, మనిషి పేరు. ఆఖరి గడిలో శాఖ పేరు రాస్తే ఒప్పుకోను. "ఆపరేషన్స్" అనే ఆయన ఇంతవరకూ ఫోనెత్తి నాతో మాట్లాడలేదు.

పోయిన వారం పంపిన సరుకుకు ఇలా రాస్తే పదకొండు చోట్లు తేలాయి. మేం అయిదో ఆరో ఉంటాయనుకున్నాం. మూడింటికి పేరు లేదు. రోజంతా ఫోన్లు చేశాక రైలు యార్డులో ఒకాయన "సరే, నా పేరు రాసుకోండి, కానీ రాత్రి పది తరవాత నేనుండను" అన్నాడు. ఆయన పేరు పక్కన ఆ మాట కూడా రాసుకున్నాను. మిగతా రెండు గడులూ ఖాళీగానే ఉన్నాయి. పెట్టె ఇప్పుడు సముద్రం మీద ఉంది.